గుమ్మం చెక్క, బ్యాండ్ సా, మూడు వారాల కుస్తీ

తాతగారి ఇల్లు విప్పినప్పుడు టేకు గుమ్మాలు మూడు నా షెడ్డుకు చేరాయి. ఐదంగుళాల వెడల్పు చెక్క. పది మిల్లీమీటర్ల పలకలుగా చీల్చి అమ్మకు పోపులపెట్టె చెయ్యాలని ఆశ. బ్యాండ్ సా (పైనా కిందా రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం) మాత్రం సెకండ్ హ్యాండ్‌ది: 14 అంగుళాల చక్రాలు, 93½ అంగుళాల బ్లేడు.

మొదటి వారం

స్విచ్చి వేస్తే ఒకటే టకటక, పైగా టేబులంతా అదురు. ప్లగ్గు తీసేసి, పై చక్రం మీద ఒకటి, బ్లేడు మీద ఒకటి సుద్దగీతలు గీసి చక్రాన్ని చేత్తో తిప్పాను. 14 అంగుళాల చక్రం చుట్టుకొలత దాదాపు 44 అంగుళాలు. అంటే చక్రం రెండు చుట్లకు పైన కాస్త తిరిగితేగానీ బ్లేడు ఒక చుట్టు పూర్తవదు. లోపం ఎక్కడుందో ఈ లెక్కతోనే దొరికింది. టక్‌మనే చప్పుడు బ్లేడు గీత వచ్చినప్పుడల్లా, అంటే బ్లేడు చుట్టుకు ఒక్కసారే వస్తోంది. చూస్తే వెల్డింగ్ అతుకు వీపు వైపు కొంచెం పొడుచుకొచ్చి, బ్లేడుకు వెనక ఆసరాగా ఉండే బేరింగును కొడుతోంది. ఆకురాయితో మెల్లగా అరగదీశాను, చప్పుడు పోయింది.

అదురు సంగతి వేరు. అది చక్రం ప్రతి చుట్టుకూ వస్తోంది. కింది చక్రం రబ్బరు టైరు మీద పొట్టూ జిగురూ కలిసి గడ్డకట్టాయి. వెదురుబద్దతో గీకి, బ్రష్షుతో తుడిస్తే సగానికి పైగా తగ్గింది.

రెండో వారం

ఇక్కడ చేసిన తప్పుకు ఒక ఆదివారం పోయింది. ముందు గైడ్లు (బ్లేడు పక్కకు వంగకుండా పట్టి ఉంచేవి) బిగించి, తర్వాత బ్లేడును చక్రం మధ్యకు తెచ్చాను. బ్లేడు ముందుకు జరగగానే గైడ్ల కొలతలన్నీ పోయాయి. అందుకే మళ్లీ మొదటికొచ్చి గైడ్లన్నీ వెనక్కి లాగేశాను. బ్లేడు బిగువు చూసుకుని, చక్రాన్ని చేత్తో తిప్పుతూ బ్లేడును మధ్యకు తెచ్చి, ఆ తర్వాతే గైడ్ల జోలికి వెళ్లాను. పక్క గైడ్లకూ బ్లేడుకూ మధ్య ఒక కాగితం పట్టేంత సందు చాలు. అవి పళ్ల మధ్య గుంటలకు కాస్త వెనకే ఆగాలి, పళ్లను తాకితే బ్లేడు పాడైపోతుంది. వెనక బేరింగు ఖాళీగా ఉన్నప్పుడు తిరగకూడదు, చెక్క తోసినప్పుడే తిరగాలి. చివర్లో మూలమట్టంతో టేబుల్‌ను బ్లేడుకు నిటారుగా సరిచేశాను.

మూడో వారం

మిషనుతో పాటు వచ్చిన బ్లేడు అంగుళానికి పది పళ్లది. ఐదంగుళాల చెక్కలో ఒకేసారి యాభై పళ్లు! పొట్టు బయటికి రాలేక చెక్క నల్లగా మాడింది. అర అంగుళం వెడల్పు, అంగుళానికి మూడు పళ్ల బ్లేడు ఎక్కించాను. మాడటం ఆగింది కానీ పలక మధ్యలో పీపాలా ఉబ్బింది. బిగువు కొంత పెంచి, పై గైడును చెక్కకు పావంగుళం ఎత్తు దాకా దించి, తోసే వేగం తగ్గిస్తే ఉబ్బు పోయింది.

రెండో గుమ్మం చీల్చేటప్పుడు మాత్రం కోత కుడికి లాగడం మొదలైంది. చెక్కను ఆనించి తోసే పట్టీని, అంటే ఫెన్సును, కాస్త వంచాను. తర్వాతి పలకకు ఇంకాస్త వంచాల్సి వచ్చింది. అక్కడ ఆగాను. పోను పోను పెరిగే తేడా ఫెన్సుది కాదు. బ్లేడు విప్పి భూతద్దంలో చూస్తే తయారీలోనే ఎడమకు వంచిన పళ్ల మొనలన్నీ అరిగి మెరుస్తున్నాయి, కుడివైపువి పదునుగానే ఉన్నాయి. పదునున్న వైపుకే బ్లేడు పోతుంది మరి. కోసిన పలక తిరగేస్తే పాత రంగు కింద తల విరిగిన మేకు, ఒక పక్కంతా ఒరుసుకుపోయి కనబడింది. మనసు చివుక్కుమంది, కొత్త బ్లేడు కదా!

అదే రకం బ్లేడు మరొకటి వేసి, ఫెన్సును టేబుల్ గాడికి సమాంతరంగా పెట్టి కోశాను. ఆరు పలకలు వచ్చాయి. కొసకూ కొసకూ తేడా అర మిల్లీమీటరు లోపే. ఇన్నేళ్ల తర్వాత కూడా లోపలి టేకు వాసన షెడ్డంతా నిండింది.

మూడో గుమ్మం ఇంకా కొయ్యలేదు. రంగు గీకి అయస్కాంతం పట్టి చూశాను. లోతుగా దిగిన మేకు చిన్న అయస్కాంతానికి దొరకదు. అందుకని టేకులో ఇనుము చుట్టూ కమ్మే నల్లటి మరక కోసం వెతికితే రెండు చోట్ల కనబడింది. వచ్చే ఆదివారం ఆ రెండు ముక్కలూ చేతిరంపంతో కోసి తీసేశాకే దాన్ని టేబుల్ మీదికి ఎక్కిస్తాను. అంతవరకు బ్లేడు బిగువు వదులు చేసి ఉంచాను.