మద్రాసు పాత సినిమా హాళ్ల వెంట

విజయవాడలో తెల్లవారుతుండగా పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి మద్రాసు సెంట్రల్‌లో దిగవచ్చు. చెన్నై అని పేరు మారి ఇన్నేళ్లయినా మా ఇళ్లలో అది ఇంకా మద్రాసే. పాత నగరంలో ఒక తెలుగు కుటుంబం తమ తాతల నాటి సినిమా హాలును కూల్చకుండా బాగు చేయిస్తోందనీ, ఆ పనిలో ధ్వని వ్యవహారాలు చూస్తున్నది నా చిన్ననాటి మిత్రుడేననీ తెలిసి బయలుదేరాను. మా ఊళ్లో నేనెరిగిన హాళ్లు చాలావరకు కళ్యాణమండపాలుగానో దుకాణాల సముదాయాలుగానో మారిపోయాయి కనుక, హాలు హాలుగానే మిగలడం ఎలా సాధ్యమో చూడాలనిపించింది.

స్టేషను పక్కనే ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలు దగ్గర ముందుగా ఆగాను. ఈ ఎర్ర ఇటుకల భవనానికి 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగరం ప్రభువు పూసపాటి ఆనంద గజపతి రాజు. కట్టించిన గుత్తేదారు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య, కదిలే బొమ్మకు గ్రామఫోను ధ్వనిని జోడించే క్రోనోమెగాఫోను అనే యంత్రాన్ని తెప్పించి ప్రదర్శనలు ఇచ్చింది ఇక్కడే. శంకుస్థాపన నుంచి సినిమా దాకా ఈ గోడల మధ్య ఇంత తెలుగు చరిత్ర ఉన్నా, సెంట్రల్‌లో దిగే మనవాళ్లలో అటు తల తిప్పి చూసేవారు తక్కువ.

మెట్రోలో మౌంట్ రోడ్డుకు, అంటే ఇప్పటి అణ్ణా రోడ్డుకు వెళ్లాను. 1913లో వార్విక్ మేజర్ నెలకొల్పిన ఎలక్ట్రిక్ థియేటరు భవనం అణ్ణా రోడ్డు పోస్టాఫీసు ఆవరణలో ఇప్పటికీ నిలిచి ఉంది, కానీ అక్కడ నడుస్తున్నది తపాలా బిళ్లల విభాగం. దానికి కొద్ది దూరంలోనే వెంకయ్య 1914లో గెయిటీ హాలు కట్టించారు. మద్రాసులో ఒక భారతీయుడు సొంతంగా నిర్మించిన తొలి సినిమా హాలుగా దానికి పేరు. ఇప్పుడు దాని ఆనవాలు కూడా లేదు. ఆ పక్కనే 1941 నాటి క్యాసినో ఉంది. తెలుగు సినిమా కోసం మద్రాసు తెలుగువారు ఏళ్ల తరబడి వెతుక్కుంటూ వెళ్లిన హాలు అది. ఒకచోట భవనం మిగిలి సినిమా పోయింది, ఇంకోచోట రెండూ పోయాయి. రెండూ మిగలాలంటే ఎంత పని ఉంటుందో సాయంత్రం మణ్ణడి స్టేషనులో దిగి, మింట్ వీధి సందుల్లోంచి నడిచి చేరుకున్న ఆ మరమ్మతుల హాల్లో అర్థమైంది. వెంకయ్య క్రౌన్ థియేటరు కట్టించింది కూడా ఈ మింట్ వీధిలోనే.

పనులు పూర్తయ్యేదాకా హాలు పేరు రాయవద్దని యజమాని కోరారు. లోపల అడుగుపెట్టగానే నా మిత్రుడు గట్టిగా ఒక చప్పట్లు కొట్టి, "విన్నావా?" అన్నాడు. ఆ చప్పుడు గోడల మధ్య తిరిగి తిరిగి నెమ్మదిగా అణిగింది. తెర వెనక ఒకటో రెండో పెద్ద స్పీకర్లు ఉన్న రోజుల్లో ఆ మోత పాటకు నిండుదనం ఇచ్చేది. ఇప్పుడు చుట్టూ గోడలకూ పైకప్పుకూ అమర్చే పదుల స్పీకర్ల నుంచి మాట, వాన, అడుగుల చప్పుడు వేరువేరు దిక్కుల్లో వినిపించాలి కాబట్టి అదే మోత మాటల్ని కలిపేసి ముద్ద చేస్తుంది. అందుకని గోడలకున్న చెరకుపిప్పి అట్టలు తీసేసి, చప్పుడును పీల్చుకునే మందపాటి గాజు ఊలు పరిచి, మీద గుడ్డ బిగిస్తున్నారు. పైకప్పుకు స్పీకర్లు వేలాడదీయాలంటే పాత ఇనుప దూలాలు ఆ బరువు మోయగలవో లేదో ముందుగా లెక్క తేల్చాల్సి వచ్చింది. ఒకప్పుడు అవి మోసింది రేకులనూ ఫ్యాన్లనూ మాత్రమే.

తెర దగ్గర చూసింది నాకు అన్నిటికన్నా నచ్చింది. 1953 తరువాత సినిమాస్కోప్ రావడంతో చతురస్రానికి దగ్గరగా ఉండే పాత తెరలు చాలక, ఎన్నో హాళ్లలో వేదిక ముందరి అలంకారాలను చెక్కపలకలతో కప్పి వెడల్పు తెరలు బిగించారు. ఇక్కడా అదే జరిగింది. ఆ పలకలు విప్పితే సున్నపు పనిలో చేసిన తామరలు, నెమళ్లు బయటపడ్డాయట. వాటిని పగలగొట్టకుండా, కొత్త తెరను కొన్ని అడుగులు ముందుకు జరిపి, రెండు పక్కలా అవి ప్రేక్షకులకు కనపడేలా వదిలేశారు. దానివల్ల ముందు వరసలు కొన్ని పోయాయి. ఒకప్పటి నేల టికెట్టు చోటు అదే. ఆ చోటుకు బదులు తక్కువ ధర సీట్లను వెనక ఎక్కడైనా ఉంచుతారా అని అడిగాను. సూటిగా జవాబు రాలేదు. ఈలలూ కాగితం ముక్కలూ నేల క్లాసు నుంచే లేచేవి. వాటిని విన్న చెవులకు ఆ మౌనం రుచించలేదు.

ప్రొజెక్టరు గదిలో ఇప్పుడున్నది డిజిటల్ యంత్రం, దానికి చల్లదనం అందించే గొట్టాలు. పాత గది గోడలు మాత్రం చాలా మందం. వెనకటి నైట్రేటు ఫిల్ముకు అగ్గి అంటితే ఆర్పడం కష్టమని భయపడేవారు. అందుకే కిటికీలకు ఇనుప పలకలు ఉంటాయి, మంట రేగితే అవి జారి మూసుకుంటాయి. ఇక్కడ చాలాకాలం పనిచేసిన నెల్లూరు పెద్దాయన, పాత ప్రొజెక్టరులో దీపంగా మండే కార్బను కడ్డీల వెలుగు, ఇరవై నిమిషాలకొక రీలు ముగిసే సమయానికి రెండో మిషను అందుకోవడం చేతులతో చూపించారు. "ఒక్క సెకను ఆలస్యమైతే కింద నుంచి తిట్లే బాబూ" అన్నారు నవ్వుతూ. ఆయన నడిపిన యంత్రాల్లో ఒకదాన్ని శుభ్రం చేసి ముందరి వసారాలో నిలబెడతారు. దాని పక్కన బోర్డు తెలుగులోనూ ఉండాలని ఆయన యజమానితో వాదిస్తున్నారు.

మరుగుదొడ్లు, చక్రాల కుర్చీకి వాలు దారి, బయటికి తెరుచుకునే తలుపులు, వీటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అవి లేకుండా ఈ రోజుల్లో హాలు నడపకూడదు. కారు పెట్టుకునే చోటు లేదు, రాదు కూడా. అందుకే మెట్రో మీదే యజమాని ఆశ పెట్టుకున్నారు.

అసలు తగాదా బాల్కనీ దగ్గర వచ్చింది. దాన్ని గోడ కట్టి వేరు చేసి రెండో తెరగా మార్చాలని యజమాని ఆలోచన. నాకు ఇష్టం లేదు. బాల్కనీ నుంచి కిందికి చూస్తే కనిపించే నిండు జనమే పాత హాలుకు ప్రాణం. అది పోతే మిగిలేది నెమళ్లున్న మల్టీప్లెక్సు. ఆ మాటే అన్నాను. "మీరు చెప్పింది నిజమే సార్. కానీ సోమవారం నుంచి గురువారం దాకా ఇంత పెద్ద హాలును ఎవరితో నింపమంటారు? కరెంటు బిల్లు మాత్రం ఏ రోజూ తగ్గదు" అన్నారాయన. దానికి నా దగ్గర జవాబు లేకపోయినా నా అభిప్రాయం మారలేదు.

అయితే ఈ తగాదాను నేనో ఆయనో కాక ఆ బాల్కనీ దూలమే తేల్చేలా ఉంది. కింది తెర నుంచి వచ్చే లోతైన మోత పైకి చొరబడకుండా ఉండాలంటే గోడ బాగా బరువుగా, రెండు పొరలుగా ఉండాలి. తేలిక పలకలు మాటను ఆపగలవు గానీ డోలు దెబ్బను ఆపలేవు. అంత బరువు ఆ పాత దూలం మీద పెట్టవచ్చా అన్నదానిపై ఇంజనీరు నివేదిక దీపావళి తరువాత వస్తుందట. మోయలేదని వస్తే బాల్కనీ బాల్కనీగానే ఉంచి, సంక్రాంతికి ఒక తెలుగు సినిమాతో తలుపులు తీస్తామని యజమాని అన్నారు. మోయగలదని వస్తే మాత్రం ప్రారంభం వేసవికి జరుగుతుంది.