పాత సీడీ రైటర్‌కు కొత్త ఫర్మ్‌వేర్: ఇప్పటివరకు సాగిన పని

తప్పెటగుళ్ళు, జముకుల కథల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడియో సీడీలుగా రాయడానికి విజయనగరంలోని మా ఇంట్లో నేను వాడుతున్నది లైట్-ఆన్ తయారీ పాత ఐడీఈ (వెడల్పాటి పట్టీ కేబుల్‌తో మదర్‌బోర్డుకు తగిలించే పాత పద్ధతి) రైటర్. పెన్‌డ్రైవ్‌లో ఇస్తే పోదా అనేవారు ఉన్నారు గానీ, ఈ కథలు వినే పెద్దల ఇళ్ళలో ఉన్నవి సీడీ ప్లేయర్లే. వాటిలో కొన్ని తిరగరాసే డిస్కులను చదవవు కనుక ఒక్కసారే రాయగలిగే సీడీ-ఆర్ తప్ప వేరే దారి లేదు.

డ్రైవ్ ముఖం మీద 52-24-52 అని ఉంటుంది: రాయడం 52 రెట్లు, తిరగరాయడం 24 రెట్లు, చదవడం 52 రెట్లు. డేటా సీడీకి ఒక రెట్టు అంటే సెకనుకు 150 కిలోబైట్లు కనుక 52 రెట్లంటే దాదాపు 7.8 మెగాబైట్లు. అయితే డిస్క్ ఒకే చుట్టువేగంతో తిరుగుతుంది కాబట్టి ఆ 52 అంచు దగ్గర మాత్రమే అందుతుంది. లోపలి భాగంలో అందులో సగం కూడా ఉండదు. డ్రైవ్‌లోని 2 మెగాబైట్ల బఫర్ (రాయబోయే డేటాను కాసేపు నిల్వ ఉంచే చోటు) ఆ వేగంలో పావు సెకనుకు సరిపోతుంది. అందువల్ల బఫర్ ఖాళీ అయినప్పుడు లేజర్‌ను ఆపి, ఆపిన చోటినుంచే మళ్ళీ రాయించే రక్షణ లేని రైటర్‌ను ఈ పనికి కొనవద్దని చెబుతాను.

అసలు చిక్కు డిస్కుల దగ్గర వచ్చింది. ప్రతి సీడీ-ఆర్ గాడిలోనూ తయారీదారు సంకేతం కాలం రూపంలో ముందే చెక్కి ఉంటుంది. ఉదాహరణకు 97 నిమిషాల 24 సెకన్లతో మొదలయ్యే సంకేతం తైయో యూదెన్ సంస్థది. ఆ సంస్థ 2015తో డిస్కుల తయారీ మానేసింది. రైటర్ ఈ సంకేతాన్ని చదివి, ఆ రకం రంగుపూతకు లేజర్ శక్తి ఎంత, ఒక్కో లేజర్ పల్స్ నిడివి ఎంత అన్నది తన ఫర్మ్‌వేర్‌లోని, అంటే డ్రైవ్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌లోని, పట్టికలో వెతుకుతుంది. పట్టికలో లేని డిస్క్ వస్తే అన్ని రకాలకూ కలిపి పెట్టిన సాధారణ లెక్కతో రాసేస్తుంది. బజారులో ఇప్పుడు దొరికే డిస్కులకు నా డ్రైవ్ చేస్తున్నది అదేనని నా అనుమానం.

అనుమానాన్ని కొలతతో తేల్చుకోవడానికి కె-ప్రోబ్ అనే పాత విండోస్ ఉపకరణం పనికి వచ్చింది. మొదటి స్థాయిలో సరిదిద్దే దోషాలను సీ1 అని, దానికి లొంగనివాటిని సీ2 అని అది గీతలుగా చూపిస్తుంది. సీ1 సగటు సెకనుకు 220 దాటకూడదన్నది ప్రమాణం. సీ2 సున్నా ఉండాలన్నది నా నియమం. పాత ఫర్మ్‌వేర్‌తో 52 రెట్లలో రాసిన డిస్క్ అంచు దగ్గర సీ2 గీతలు కనబడ్డాయి.

ఆ పట్టిక మారాలంటే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. దానికి ముందు తీసుకున్న జాగ్రత్తలకే ఎక్కువ సమయం పట్టింది. మోడల్ సంఖ్య చివరి అక్షరంతో సహా ఫైలుతో సరిపోల్చాను, ఎందుకంటే పోలికగా కనిపించే రెండు మోడళ్ళ ఫర్మ్‌వేర్ ఒకటి కాకపోవచ్చు. పాత ఫర్మ్‌వేర్‌ను ఫైలుగా దాచాను. యూఎస్‌బీ అడాప్టర్‌ను పక్కనపెట్టి, డ్రైవ్‌ను మదర్‌బోర్డు ఐడీఈ కేబుల్‌కు ఒంటరిగా, డ్రైవ్ వెనుక ఉండే జంపర్ అనే చిన్న బిళ్ళను మాస్టర్ (ప్రధాన డ్రైవ్) స్థానంలో ఉంచి తగిలించాను. డిస్క్ లేకుండా ట్రే మూసి ఉంచాలి. ఫర్మ్‌వేర్ ఉండే ఫ్లాష్ చిప్ సగం చెరిగి సగం రాసిన స్థితిలో కరెంటు పోతే డ్రైవ్ పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. ఇంటి ఇన్వర్టర్ మారే క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు, కనుక కంప్యూటర్ యూపీఎస్ మీదనే ఈ పని చేయాలి. వేసవి సాయంత్రాల్లో, గాలివాన సూచన ఉన్నప్పుడు అసలు మొదలుపెట్టకూడదు. ఇంత హడావుడి తరువాత ఎక్కించడం నిమిషంలోపే ముగిసిపోయింది. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి మళ్ళీ వేయగానే కొత్త వెర్షన్ కనిపించింది.

ఫలితం నేను ఆశించినంత ఏకపక్షంగా లేదు. అదే పెట్టెలోని డిస్కులపై 24 రెట్లలో సీ1 బాగా తగ్గి సీ2 పూర్తిగా పోయింది. 52 రెట్లలో మాత్రం అంచు దగ్గర ఇంకా కొంత మిగిలి ఉంది. నెమ్మదిగా రాస్తే ఎప్పుడూ మేలేనన్న మాట వేగపు డిస్కుల విషయంలో నిజం కాదు, ఎందుకంటే వాటి పూతను ఎక్కువ వేగాలకు తగినట్టు కూరుస్తారు. కాబట్టి వేగాన్ని ఇంకా తగ్గించకుండా ఆడియోకు 24 రెట్లనే స్థిరం చేసుకున్నాను. ఇకపై ప్రతి కొత్త పెట్టె నుంచి ఒక డిస్క్ రాసి కొలిచిన తరువాతే క్యాసెట్ల పని కొనసాగిస్తాను.