అమ్మ తల ఆరబెట్టుకునే చోటు

అమ్మ ఈ రోజు కూడా ఫ్యాను కిందే తల ఆరబెట్టుకుంది. శుక్రవారం, సీకాయ తలంటు. బయట కత్తిరి ఎండలు. పెరట్లో కూర్చుంటే ఆ జుట్టు ఆరడానికి పది నిమిషాలు చాలు. హాల్లో చాప వేసుకుని, అటు తిరిగి ఇటు తిరిగి ముప్పావుగంట కూర్చుంది. నేలంతా నీళ్ళ చుక్కలు. "పెరట్లోకి పోమ్మా" అన్నాను. "వద్దులే" అంది. ఆ వద్దులే పొద్దుటి నుంచి నన్ను వదలడం లేదు. అందుకే ఈ వేళప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మా పెరట్లో బట్టలుతికే బండ ఒకటుంది. దాని మీద కూర్చుని అమ్మ పదిహేనేళ్ళుగా చింతపండు పిక్కలు తీసింది, మల్లెపూలు కట్టింది, తల దువ్వుకుంది, ఏమీ తోచకపోతే ఊరికే శేషాచలం వైపు చూస్తూ కూర్చుంది. పడమటి పక్క ఖాళీ స్థలంలో అపార్టుమెంటు లేచి, జనం చేరిన కొన్నాళ్ళకే అమ్మ ఆ బండ మీద కూర్చోవడం మానేసింది. ఉతికేటప్పుడు నిలబడి ఉతికేసి లోపలికి వచ్చేస్తుంది. తానుగా ఎప్పుడూ చెప్పలేదు. నేనే గమనించలేదు. ఏడాది పట్టింది నాకు.

అది కట్టినాయన పునాది వేసే ముందు మిఠాయి పెట్టెతో వచ్చాడు. ఇసుక మా గేటు ముందు పోసుకోనివ్వమన్నాడు, బోరు నీళ్ళు పది రోజులు ఇవ్వమన్నాడు. ఇచ్చాము. "మీ పెరటి వైపు ఎత్తులో చిన్న వెంటిలేటర్లే వస్తాయమ్మా, మీకేం ఇబ్బంది ఉండదు" అని నిలబడి చెప్పాడు. తీరా చూస్తే మా గోడకీ వాళ్ళ గోడకీ మధ్య 3 అడుగులు. మూడంతస్తుల్లోనూ వంటింటి కిటికీలన్నీ మా పెరట్లోకే. నిండు కిటికీలు. అడగడానికి మా ఆయన పోతే "ప్లాను ప్రకారమే కట్టినాం సార్" అన్నాడట. మిఠాయి తిన్న నోటితో గొడవ పెట్టుకోలేక మా ఆయన తిరిగొచ్చేశారు. నేనైతే ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు నాకు స్కూల్లో మీటింగు.

సరే, గోడ ఎత్తు పెంచుదామంటే అమ్మకి గాలి ఆగిపోతుంది. రేకులు బిగిద్దామంటే ఈ ఎండకి పెరడు పెనమవుతుంది. చెట్లే దారి అనుకున్నాను. ఏడాది పొడుగునా ఆకు నిలిచే చెట్లు. తూర్పు పక్కనున్న మా వేప ఎంత మంచిదైనా, మాఘం ఫాల్గుణంలో ఆకంతా రాల్చి మళ్ళీ ఉగాదికి గానీ నిండదు. తొందరగా పెరగాలి, ఆకు రాలకూడదు, కింది నుంచి పై దాకా ఒత్తుగా ఉండాలి. పోయిన ఆదివారం ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని నర్సరీకి పోయాను.

అక్కడి నుంచి నా కోపం ఇంకా దిగలేదు. నేను కాగితం తియ్యకముందే నర్సరీ ఆయన నల్ల కవర్లలో వరసగా పెట్టిన మొక్కల దగ్గరికి తీసుకుపోయాడు. ఆకు ముదురు పచ్చ, మెరుపు, ఒక్క పురుగు మచ్చ లేదు. "దుబాయ్ మొక్క మేడం. ఆర్నెల్లలో గోడ కట్టినట్టు లేస్తుంది. నీళ్ళు పోసినా సరే, పోయకపోయినా సరే." అది కోనోకార్పస్ అని నాకు తెలుసు. రోడ్ల మధ్య డివైడర్లలో గొడుగుల్లా కత్తిరించి పెంచేవి అవే. తెలంగాణలో హరితహారం కింద ఊరూరా నాటి, తర్వాత వాళ్ళే వద్దన్నారు. గుజరాత్‌లో 2023లో ప్రభుత్వమే నాటకూడదని నిషేధం పెట్టింది. నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి వేరు పోతుంది. పైపులు, డ్రైనేజీ, భూమిలో వేసిన కేబుళ్ళు, దేన్నీ వదలదు. మా సంపు పడమటి గోడకి 5 అడుగుల్లో ఉంది, సెప్టిక్ ట్యాంకు ఆ పక్కనే. ఈ మాటే ఆయనతో అన్నాను. "అవన్నీ పేపర్లోళ్ళ మాటలు మేడం, జనం అడుగుతారు, మేం అమ్ముతాం" అన్నాడు. నా వెనక నిలబడ్డ ఒకాయన ఆ మాట విని కూడా ఇరవై మొక్కలు ఆటోలో వేయించుకుని పోయాడు. ఆయన పక్కింటి వాళ్ళ పైపుల గురించి ఆలోచిస్తుంటే ఆ రోజు అన్నం సహించలేదు. తెలిసీ అమ్మడం నాకు మింగుడు పడదు.

ఇంట్లో మళ్ళీ చర్చ. మా ఆయన సరుగుడు అన్నారు. తొందరగా పెరిగే మాట నిజమే, కోస్తాలో ఐదారేళ్ళకే కొట్టి అమ్ముతారు. గాలి వీస్తే ఆ సన్నటి ఈనెల్లోంచి వచ్చే హోరు నాకూ ఇష్టం. కానీ ఆ ఈనెలు రాలి కింద పరుపులా పేరుకుంటే అమ్మ కనకాంబరాలు బతకవు. వెదురంటే పొదగా ఒకచోటే ఉండే రకమైనా ఆకు ఊడ్చలేక చావాలి. నేను నరమామిడి వైపు మొగ్గాను. అందరూ అశోక చెట్టు అంటారే, అదే. అసలు అశోకం వేరు, దానికి ఎర్రటి పూలగుత్తులు వస్తాయి. ఇది నిటారుగా పోతుంది, చోటు తక్కువ చాలు, పండగకి తోరణాలకి ఆకు దొరుకుతుంది. కాయల కాలంలో రాత్రి గబ్బిలాలు వస్తాయి, రానీ. గోడ పొడుగునా ఎనిమిది నాటుదామని నిన్న రాత్రి దాకా నా లెక్క.

కంచె అనుకుంటే చాలు, నా మనసు మా అవ్వ ఊరికే పోతుంది. పుత్తూరు పక్కన. అవ్వ ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ లేదు, కాడజెముడు. ఊళ్ళో కల్లి అనేవాళ్ళు. ఆకు కనపడదు, పచ్చటి పెన్సిళ్ళు గుత్తులు గుత్తులుగా నిలబెట్టినట్టు ఉంటుంది. కొమ్మ విరిచి గుచ్చితే బతికేస్తుంది. నీళ్ళక్కర్లేదు, మేక నోరు పెట్టదు. రెండు నిలువుల ఎత్తు పెరిగి, అవతల దీపం పెడితే ఇవతలికి వెలుతురు రానంత దట్టంగా ఉండేది. దాని నీడలోనే అవ్వ నీళ్ళు పోసుకునే బండ, మూడు పక్కలా కొబ్బరిమట్టల తడిక, నాలుగో పక్క కల్లి.

పక్కింటామెకీ అవ్వకీ ఆ కల్లి దగ్గరే తగువు. కంచె తన వైపు ఒక మూర జరిగిందని ఆమె. ఎవరూ జరపలేదు, ఏళ్ళ తరబడి పొద లావెక్కింది. రెండేళ్ళు మాటల్లేవు. ఆమెకి చెప్పాల్సిన మాటలన్నీ అవ్వ కోళ్ళతో గట్టిగా చెప్పేది.

నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఆరు. వేసవి సెలవులు, మధ్యాహ్నం. వాడు కర్ర తీసుకుని కల్లిని కొడుతున్నాడు, పాలు ఎలా కారతాయో చూడాలని. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో పాలు చింది వాడి కుడికంట్లో పడ్డాయి. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అవ్వ తొట్టిలోంచి చెంబు తర్వాత చెంబు వాడి మొహాన పోస్తూనే ఉంది. కన్ను మూసుకుపోయి ఎర్రటి ముద్దయింది. ఇంతలో పక్కింటామె వీధిలోంచి తిరిగి పరిగెత్తుకుంటూ వచ్చింది, కాన్పుకి వచ్చిన కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కుంటూ. ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. నేల మీద కూలబడి, తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని, వాడి రెప్ప బొటనవేలితో పైకెత్తి తన పాలు పిండింది. అవ్వ ఖాళీ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ పిల్ల మెడలో పసుపు తాడు తడిసి వాడి నుదుటి మీద పసుపు మరకైంది. అది తుడవాలని కూడా ఎవరికీ తోచలేదు.

సాయంత్రం బస్సులో పుత్తూరు ఆసుపత్రి. డాక్టరు మళ్ళీ కడిగి కట్టు కట్టారు, మూడు రోజులకి చూపు బాగానే ఉంది. (ఇప్పుడు మా చిన్నోడికి అలాంటిది జరిగితే శుభ్రమైన నీళ్ళతో ఆపకుండా కడుగుతూ నేరుగా ఆసుపత్రికే పరిగెత్తుతాను, పాలూ అవీ ఏమీ వెయ్యను. కానీ ఆ రోజు వాళ్ళకి తెలిసిన మందు అదే.) అవ్వ ఆ రాత్రి వాళ్ళింటికి గంపెడు మామిడికాయలు పంపింది. వారం తిరక్కుండా మళ్ళీ ఆ మూరెడు తగువు మొదలైంది. నాయన వచ్చి, పిల్లలున్న ఇంట్లో ఈ కల్లి వద్దు, కొట్టేద్దామన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "కల్లి కొట్టేస్తే నేను నీళ్ళు యాడ పోసుకోవాల్రా?" అంది. నాయన దగ్గర జవాబు లేదు. పొద్దున అమ్మ ఫ్యాను కింద కూర్చుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

ఇక సాయంత్రం. గంగజాతర కదా, రెండో అంతస్తు పిల్ల వేపాకు కోసం వచ్చింది. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, ఇక్కడి పిల్ల కాదు. అంబలి ఎలా కాచాలో అమ్మని అడిగింది. అమ్మ రాగిపిండి నానబెట్టడం దగ్గర్నుంచి చెప్పుకొచ్చింది. నేను మాత్రం ముభావంగానే కొమ్మలు విరిచి ఇచ్చాను. మా అమ్మని తనూ అవ్వ అనే అంటుంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "అవ్వ ఇప్పుడు బయట కూర్చోడం లేదేంటక్కా? వచ్చిన కొత్తలో చూసినా. అవ్వ కూర్చుంటుందనే నేను కిటికీ తెరవను. కుక్కర్ పెడితే ఆవిరికి ఒళ్ళంతా చెమట" అంది.

నేనేమనాలి? ఏడాదిగా ఆ కిటికీని చూసి పళ్ళు కొరుకుతున్నాను. ఒక్కసారైనా అది తెరిచి ఉండగా చూశానా అని ఆలోచిస్తే, గుర్తు లేదు. మూసిన కిటికీకి భయపడి అమ్మ లోపల, అమ్మ కోసం కిటికీ మూసుకుని ఆ పిల్ల లోపల, ఈ ఎండల్లో. కట్టినాయన మీద కోపం రెట్టింపైంది. ఆ పిల్ల మీద ఉన్నది ఎటు పోయిందో తెలీదు.

అప్పుడు మా చిన్నోడు ఒక మాటన్నాడు. మొన్ననే పదో తరగతి రాశాడు, లెక్కలు ఇంకా బుర్రలోనే ఉన్నాయి. "చెట్టు గోడ దగ్గరే ఎందుకమ్మా? అవ్వ దగ్గర పెడితే పొట్టిది చాలు కదా. సరూప త్రిభుజాలు." చూపిస్తానని పురికొస తెచ్చాడు. ఆ పిల్ల పైకెళ్ళి కిటికీ తెరిచింది. పురికొసకి గరిటె కట్టి కిందికి వదిలింది. వీడు గోడ మీదుగా ఇవతలికి లాగి బిగించాడు. రెండో కొస పట్టుకోడానికి ఎవరైనా బండ మీద కూర్చోవాలి. అమ్మ కూర్చుంది. తల మీద కొస అదిమి పట్టుకుని, పైనున్న ఆ పిల్లని చూసి నవ్వింది. వీడు కర్ర నిలబెట్టి కొలిచాడు. గోడకి 2 అడుగులు ఇవతల నాటితే చెట్టు 16 అడుగులు పెరగాలి. అమ్మకి 3 అడుగుల దూరంలో నాటితే 7 చాలు.

ఏడడుగులకి నరమామిడి ఎందుకు, నందివర్ధనం చాలు. ఏడాదంతా ఆకు, పొద్దున్నే పూజకి పూలు, వేళ్ళతో భయం లేదు. రెండు వానాకాలాలు పోతే తల దాటుతుంది. అప్పటిదాకా బండ మీద నాలుగు గుంజలు పాతి పందిరి వేసి చిక్కుడు పాకించవచ్చు. ఎనిమిది చెట్ల లెక్క మూడు పొదలకి దిగింది. అది మంచికో కాదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. మొదటి అంతస్తు, మూడో అంతస్తు వాళ్ళ కిటికీలు ఈ పురికొసలో లేవు. వాళ్ళతో మాట్లాడనే లేదు. గోడ వెంట రెండు నరమామిళ్ళు కూడా పెడితే? మా ఆయన్ని అడిగితే ఇప్పటికే నిద్రపోతున్నారు.

పడుకునే ముందు అమ్మ గదిలోంచి కేకేసింది. "ముద్ద నందివర్ధనం వద్దుమే, రేకది తీసుకురా. ముద్దది వాన పడితే కుళ్ళిపోతుంది." ఈ ఎండలో నాటకూడదు, నాలుగు జల్లులు పడనీ అని కూడా అంది. సరేనన్నాను. పురికొస విప్పడం మర్చిపోయాము. బండ దగ్గర్నుంచి రెండో అంతస్తు దాకా అలాగే ఉంది, అక్కడ కిటికీ తెరిచే ఉంది.