బాణీకి మాటలు కూర్చడం: నా అనుభవం

నేను వృత్తి కవిని కాదు, గాయకుణ్ణీ కాదు. సరదాకి రాస్తాను, పాడుకుంటాను. రెండూ వేర్వేరుగా చేసినంతకాలం హాయిగానే ఉంటుంది. ముందే సిద్ధమైన బాణీలో మాటలు కూర్చోబెట్టాలన్నప్పుడే అసలు పని మొదలవుతుంది.

కలం పట్టే ముందు బాణీని అర్థం లేని అక్షరాలతో పాడి ఫోన్‌లో రికార్డు చేస్తాను. పొట్టి స్వరానికి ‘త, న’, నిలిచే స్వరానికి ‘తా, నా’. ఉదాహరణకి ఖండగతిలో, అంటే తాళంలో ఒక్కో దెబ్బకి ఐదు మాత్రల నడకలో, ఒక పల్లవి పాదం ఇలా వచ్చిందనుకుందాం: తననతన | తననతా | తానతా | తానతా. నాలుగైదులు ఇరవై మాత్రలు. లఘువుకి, అంటే పొట్టి అక్షరానికి, ఒక మాత్ర; గురువుకి, అంటే దీర్ఘానికి, రెండు. ఒత్తక్షరం ముందు అక్షరం, సున్నా ఉన్న అక్షరం కూడా గురువులే. లెక్క ఇంతే, ఒక పూటలో పట్టుబడుతుంది.

చిక్కంతా లెక్క సరిపోయాకే. ఆ పాదానికి నా మొదటి ప్రయత్నం: ‘తలుపు తీసేసరికి తడిసింది వాకిలి’. చివరి ‘లి’ని సాగదీస్తే సరిగ్గా ఇరవై. పాదం చివర అచ్చు సాగితే చెవికి ఇబ్బంది లేదు కాబట్టి అది పరవాలేదు. కానీ తాళం వేసి పాడితే ‘తలుపుతీ | సేసరికి’ అని విరుగుతుంది. ‘తీసే’ నడుమ దెబ్బ పడింది. నిదానపు పాటలో ఇంకా ఘోరం, ‘సేసరికి’ అన్నది మరేదో భాషలా వినిపిస్తుంది. వేగంగా సాగే పాటలో ఇలాంటి విరుపులు దాగిపోతాయి, మెలోడీలో దాగవు.

రెండో తప్పు మూడో దెబ్బ దగ్గర. అక్కడ బాణీలో మొదటి స్వరం రెండు మాత్రలు నిలుస్తుంది. ‘తడిసింది’లో మొదటిది లఘువు. సాగదీస్తే ‘తాడిసింది’ అవుతుంది, వినేవాడికి తాడిచెట్టు గుర్తొస్తుంది. ‘మది’ సాగితే ‘మాది’, ‘కల’ సాగితే ‘కాల’. తెలుగులో హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్నే మార్చేస్తుంది కాబట్టి నిలిచే స్వరం కింద పుట్టు దీర్ఘమే ఉండాలి. ద్విత్వం వల్ల గురువైన అక్షరం కూడా అక్కడ అంతగా పనికిరాదు: ‘చెట్టు’లో ‘చె’ని నిలబెట్టి పాడితే ‘చేట్టు’ అవుతుంది. సున్నా మీద నిలిస్తే నోరు మూసుకుపోయి మూలుగు మిగులుతుంది. పైస్థాయి స్వరానికైతే ‘ఆ’కారం దొరికితే పాడేవాళ్లు దండం పెడతారు.

సరే, ‘తలుపులను తెరిస్తే’ అని మార్చాను. తెరిస్తే: ఒకటి, రెండు, రెండు. ఐదే. అయినా తడబడింది! కారణం తెలియడానికి చాలాసేపు పట్టింది. ఈ ఖండగతి ‘తక తకిట’ అని రెండు, మూడుగా నడుస్తోంది. మూడో మాత్ర మీద ఊనిక పడాలి. ‘తెరిస్తే’లో ఆ మూడో మాత్ర ‘రి’ గురువు మధ్యలో ఇరుక్కుంది. ‘తెరవగా’ అంటే ‘వ’ మీద శుభ్రంగా పడుతుంది. మొత్తం కూడిక చూసుకుని సంబరపడకుండా, గణం, అంటే ఒక్కో ఐదు మాత్రల ముక్క, లోపలి విరుపు కూడా చూడాలని అప్పటినుంచి గట్టి నియమం పెట్టుకున్నాను. ‘తీయగా’ కూడా లెక్కకి సరిపోయేదే కానీ, పాటలో అది తలుపు తీయడంలా కాక తియ్యదనంలా వినిపిస్తుంది.

చివరికి తేలింది: ‘తలుపులను | తెరవగా | తేమగా | వాకిలీ’. పద్యమైతే ‘త’, ‘తే’లకి యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ అక్షరం కలవడం) చెల్లదు, అచ్చులు కలవవు. పాటలో హల్లు పలికితే చాలు.

ప్రాస విషయంలో నాది కొంచెం మొండి అభిప్రాయం. ‘వాకిలి’ తర్వాత ‘ఆకలి’, ‘లోగిలి’ అంటూ చివరలు వెతుక్కుంటూ పోతే పాట ఎటో వెళ్లిపోతుంది. ముందు చరణం ఏం చెప్పాలో ఒక మామూలు వాక్యంలో రాసి పక్కన పెట్టుకుంటాను. ప్రాస ఆ వాక్యానికి లొంగకపోతే ప్రాసనే వదిలేస్తాను. ఖాళీ నింపే ‘ఏ’, ‘లే’, ‘ఇలా’ పాదానికి ఒకటి మించితే ఆ పాదం కొట్టేసి మళ్లీ మొదలు.

ఆఖరి పరీక్ష కాగితం మీద జరగదు. సాహిత్యం చూడని మనిషికి పాట వినిపించి, వినబడింది వినబడినట్టు రాయమంటాను. పై పాదం ఇస్తే ‘తేనెగా వాకిలి’ అని రాసిచ్చారు. మ, న రెండూ అనునాసికాలే, స్వరం కదులుతుంటే ఒకటి పాడితే మరొకటిలా వినిపిస్తుంది. ‘తేమగా’ స్థానంలో తానతా కొలతకి ఇంకో మాట వెతుకుతున్నాను.