ఎరిక్ బ్రౌన్: ప్రొపెల్లర్ గాలి లేకుండా డెక్ మీదికి

బ్రిటిష్ నేవీ పైలట్ ఎరిక్ బ్రౌన్ పేరెత్తితే ముందు వినిపించే అంకె 487. ఆయన నడిపిన విమాన రకాలు అవి. స్పిట్‌ఫైర్, సీఫైర్ యుద్ధవిమానాల్లో 14 మార్కులు (రూపాంతరాలు) నడిపినా ఆ లెక్కలో ఒక్కటే. నా మట్టుకు నాకు ఆ అంకె కన్నా నౌకల మీద 2,407 సార్లు దిగడమే గొప్ప. అందులో రెండు ల్యాండింగులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన పనితనం తెలుస్తుంది.

1944 మార్చి 25న బ్రౌన్ రెండింజన్ల మస్కిటో విమానాన్ని ఇండిఫాటిగబుల్ అనే విమాన వాహక నౌక మీద దించారు. మస్కిటో మామూలుగా దిగే వేగం డెక్‌కు పనికిరాదు, మరీ ఎక్కువ. అందుకని ముక్కు పైకెత్తి, పవర్ తగ్గించకుండా వచ్చారు. ప్రొపెల్లర్లు వెనక్కి తోసే గాలి రెక్కల మీదుగా పోయి విమానాన్ని నిలబెడుతుంది, ఇంకా నెమ్మదిగా రావచ్చు. ప్రమాదమూ అక్కడే ఉంది. అంత తక్కువ వేగంలో ఒక ఇంజన్ ఆగితే రెండోది విమానాన్ని పక్కకు తిప్పేస్తుంది. దాన్ని ఆపడానికి రడ్డర్‌కు, అంటే తోక మీద విమానాన్ని పక్కలకు తిప్పే పలకకు, తగిలే గాలి చాలదు.

1945 డిసెంబర్ 3న ఓషన్ నౌక మీద సీ వాంపైర్ అనే జెట్‌ను దించారు. అంతకు ముందు పూర్తిగా జెట్ ఇంజన్‌తోనే నడిచే విమానం ఏదీ నౌక మీద దిగలేదు. రెక్కల మీద ఆ ప్రొపెల్లర్ గాలి ఇక్కడ లేదు. థ్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచే, తగ్గించే మీట) మూసినా బ్రేకులా పట్టే ప్రొపెల్లర్ లేదు గనుక విమానం జారుతూనే ఉంటుంది. తెరిస్తేనా, ఆనాటి జెట్ ఇంజన్ పుంజుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ‘కిందికి పోతున్నాను’ అని పైలట్ గ్రహించి థ్రాటిల్ తోసేలోపు నౌక వెనక అంచు ముందుకొచ్చేస్తుంది.

దీనికి పెద్ద ఫ్లాపులు (రెక్కల వెనక కిందికి వంగే పలకలు), గాలికి అడ్డం తెరుచుకునే పెద్ద ఎయిర్ బ్రేకులు పెట్టారు. ఇవి విమానాన్ని ఆపడానికే అనుకుంటాం. అసలు లాభం వేరు: గాలి నిరోధం పెరిగితే దిగేటప్పుడు కూడా ఇంజన్‌ను ఎక్కువ తిప్పుతూ రావాలి. అప్పటికే జోరుగా తిరుగుతున్న ఇంజన్ అడిగిన వెంటనే పవర్ ఇస్తుంది.

ఇక డీహెచ్ 108 అనే ప్రయోగాత్మక జెట్. తోక లేని ఈ విమానంలో 1946 సెప్టెంబర్ 27న టెస్ట్ పైలట్ జెఫ్రీ డి హావిలాండ్ జూనియర్ చనిపోయారు. కారణం వెతకడానికి బ్రౌన్ అదే రకం విమానంలో అలాంటి వేగానికే వెళ్లారు. ముక్కు విపరీతమైన వేగంతో పైకీ కిందికీ ఊగడం మొదలైంది. స్టిక్‌నూ (విమానాన్ని నడిపే కర్ర) థ్రాటిల్‌నూ కలిపి మెల్లగా వెనక్కి లాగితే ఊపు ఆగింది. ఆయన పొట్టి మనిషి, పైగా సీటు దించి కూర్చున్నారు, కాబట్టి తల పైకప్పుకు కొట్టుకోలేదు. ఆ రకంలో తయారైనవి మూడే విమానాలు. మూడూ కూలాయి, మూడింటిలోనూ పైలట్లు పోయారు.