పాలియెస్టర్ చీర దగ్గర ఆగిన బొంత

మళ్లీ ఉబ్బింది. విప్పి, కొత్తగా పరచి, కుట్టి, తడిపి ఆరేసిన బొంతను ఈ ఉదయం మేడ మీద చాప వేసి పరిచాను. నడుమ ఉన్న నీలం పాలియెస్టర్ ముక్క మళ్లీ పైకి లేచింది. అరచేత్తో అదిమితే గుడ్డ పక్కకు జరుగుతుంది, చెయ్యి తీయగానే తిరిగి లేస్తుంది. దాని చుట్టూ ఉన్న నూలు చీరల ముక్కలు ఎంత ముచ్చటగా ముడుచుకున్నాయో! తడిసి ఆరిన నూలు బొంత మీద కుట్టుకూ కుట్టుకూ నడుమ సన్నటి అలలు లేస్తాయి. యంత్రం మీద కుట్టిన దుప్పటికి ఆ అందం రాదు. నేను చేత్తో కుట్టేదే దాని కోసం. ఈ ఒక్క చోట మాత్రం అల లేదు, ఉబ్బు ఉంది.

ఇది అడిగి కుట్టించుకుంటున్న బొంత. మా వీధి చివర ఉండే అక్క వాళ్ల అమ్మ పోయాక పెట్టెలోని చీరలు తెచ్చి నా ముందు పెట్టింది. మెత్తబడిన నూలు చీరలు రెండు, మడతల దగ్గర చిట్లిన ధర్మవరం పట్టు ఒకటి, పెద్ద పెద్ద పువ్వులున్న నీలం పాలియెస్టర్ ఒకటి. వాటితోపాటు వాళ్ల నాన్న పంచెలు. "అమ్మ రోజూ కట్టింది ఈ నీలం చీరే. అది నడుమ కనిపించాలి, మిగతావి ఎట్లయినా పెట్టు చెల్లీ" అంది. ఆ మాట విన్న తర్వాత పాలియెస్టర్ వద్దక్కా అని ఎవరంటారు?

అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అనంతపురంలో చలి ఉండేది కొన్ని వారాలే అయినా, బొంత మీద ఇష్టం ఏడాది పొడుగునా ఉంది. "పాత చీరలే కదా, ఖర్చేముంది, త్వరగా అయిపోతుంది" అనేవాళ్లకు నేను మొదట చూపించేది కుట్టు వరసలే. అరవై అంగుళాల వెడల్పు బొంతకు అర అంగుళానికి ఒక వరస చొప్పున వేస్తే దాదాపు నూట ఇరవై వరసలు, ఒక్కో వరస తొంభై అంగుళాలు. ఆ లెక్క విన్నాక బేరం ఆడిన వాళ్లు తక్కువ. దుకాణంలో దొరికే, పాలియెస్టర్ దూది నింపిన పాలిఫిల్ రజాయి ధరతో పోల్చే వాళ్లకు అదే కొనుక్కోమని చెబుతాను. అందులో కోపం ఏమీ లేదు. వాళ్లకు కావలసింది వెచ్చదనం, అది అక్కడ చవకగా దొరుకుతుంది. పెళ్లి వారం రోజులుందనగా వచ్చి అడిగితే ఒప్పుకోను. గుడ్డ కోయడానికి వీల్లేదు, కానీ బొంత కావాలి అనేవాళ్లకు చీరలను నిండుగా పొరలు పొరలుగా పరచి కుట్టి ఇస్తాను. నిజానికి మన ఊళ్లలో పాత పద్ధతి అదే.

ఇక ఉబ్బు సంగతి. కొలతలన్నీ రాసి పెట్టుకున్నాను కాబట్టి వరసగా చెబుతాను.

పరిచినప్పుడు బొంత 90 × 60 అంగుళాలు. అడుగున కొత్త కోరా గుడ్డ (చలువ చేయని నూలు గుడ్డ), మధ్యలో రెండు పొరల పంచెలు, పైన చీరల అతుకులు. పాలియెస్టర్ ముక్క 30 × 22, సరిగ్గా నడుమ. కుట్టు పూర్తయ్యాక, తడపకముందు, బొంత 87.5 × 58కి వచ్చింది. చేతికుట్టు గుడ్డను అంతమాత్రం లాక్కోవడం మామూలే. మొదటిసారి ఉతికి ఆరేశాక 84 × 56.5. అంటే పాలియెస్టర్ ముక్కకు దక్కిన చోటు నిలువున 28, అడ్డంగా 20.75 అయింది. ఆ ముక్క మాత్రం తన 30, 22లో వెంట్రుకవాసి తగ్గలేదు. నిలువున రెండు అంగుళాలు, అడ్డంగా అంగుళం పావు మిగిలిపోయిన గుడ్డ ఎక్కడికి పోతుంది? పైకే లేవాలి. ముప్పావు అంగుళం ఎత్తున లేచింది. వరసలు దగ్గరగా ఉన్న చోట ముడతలు చిన్నవి, దూరంగా ఉన్న చోట ఏకంగా వేలు దూరేటంత.

నా మొదటి అనుమానం కోరా మీద. గంజి పోవాలని ఒక రాత్రంతా నానబెట్టి, ఎండబెట్టిన తర్వాతే వాడిన గుడ్డ అది. అయినా పరీక్షకు అదే తాను నుంచి 25 సెంటీమీటర్ల చదరం కోసి మళ్లీ మళ్లీ ఉతికాను. మొదటి తడుపుకు నిలువున 23.6, రెండోదానికి 23.2, మూడోదానికి 23.1. అడ్డంగా మాత్రం 24.4 దగ్గర నిలిచిపోయింది. పడుగు వైపు ఎక్కువ తగ్గుతుందని నేత పనివాళ్లు చెప్పే మాట కళ్లారా చూశాను. మగ్గం మీద బిగించి లాగిన పోగులు అవే కదా. ఇందులో నాకు పనికొచ్చిన సంగతి, ఒక్క తడుపుతో కోరా కుదురుకోదు. మూడు తడుపులయ్యాక గాని కత్తెర పెట్టకూడదు. పాత చీర ముక్క, పంచె ముక్క అదే పరీక్షలో ఒక్క మిల్లీమీటరైనా మారలేదు. ఏళ్ల తరబడి ఉతికిన గుడ్డ తగ్గవలసినంతా ఎప్పుడో తగ్గిపోయింది.

కానీ కోరా రెండో తడుపులో తగ్గేది నూటికి రెండు పాళ్ల లోపే. బొంత నిలువున నాలుగు పాళ్లు తగ్గింది. మిగతాది ఎక్కడి నుంచి? అప్పుడు దారం గుర్తొచ్చింది. లావు నూలు దారం మీటరు కొలిచి, వేడి నీళ్లలో ముంచి, వేలాడదీయకుండా పళ్లెంలో ఆరబెట్టి కొలిస్తే 97.5 సెంటీమీటర్లు. నూటికి రెండున్నర! వేల కుట్లలో ఉన్న దారమంతా ఒకేసారి అంత బిగిస్తే గుడ్డ ఏం చేస్తుంది? ఇప్పుడు దారం చిలపలు కొనగానే వేడి నీళ్లలో వేసి తీస్తున్నాను. పాలియెస్టర్ దారం వాడితే ఈ బాధ ఉండదని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నాకు ఇష్టం లేదు. అరిగిన నూలు గుడ్డ కంటే దారం గట్టిగా ఉంటే కాలక్రమంలో తెగేది గుడ్డే. దారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు, అమ్మ చీర తెగితే తేలేం.

మూడో అనుమానం కుట్టే దారి మీద. నేను అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతాను. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల ఆడవాళ్లు కవంది అనే అతుకుల బొంత కుట్టేది ఇలాగే. ఒక మూల దగ్గర మొదలై, పక్కలు నాలుగూ తిరిగి, లోపలికి చుట్టుకుంటూ వెళ్తారు. మూలల్లో గుడ్డను మడిచి పువ్వులు పెడతారు. అవి లేకపోతే బొంత నిండుగా లేదనే అనుకుంటారు. నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి. అయితే వాళ్లు ముక్కలను ముందే అతికి ఉంచరు, కుడుతూ ఒక్కొక్కటీ చేరుస్తూ పోతారు. గుడ్డ వదులైతే తర్వాతి ముక్క దగ్గర సర్దుకుంటుంది. నా బొంతలో పైపొర అంతా ముందే అతికి ఉంది. సూది ముందు జరిగిన వదులంతా నడిమికి చేరింది. నడుమ ఉన్నదేమో ముడుచుకోని పాలియెస్టర్.

కాబట్టి నడిమి ముక్కను మొత్తం విప్పాను. తగ్గిన చోటుకు సరిపోయేలా 28 × 20.75కి కోసి, వెనుక ముందే ఉతికిన మల్లు గుడ్డ (పలచటి మెత్తటి నూలు గుడ్డ) వేసి, రెండు అంగుళాల గళ్లుగా కచ్చా కుట్లు పెట్టి, రెంటినీ ఒకే గుడ్డగా చేశాను. ఈసారి నడిమి నుంచి అంచుకు కుట్టాను. కోరా అప్పటికే కుదురుకుంది, దారం వేడి నీళ్లలో ముంచినది. ఇక ఉబ్బే కారణమే లేదనుకున్నాను. ఈ ఉదయం కొలిస్తే నిలువున ముప్పావు అంగుళం, అడ్డంగా అర అంగుళం మిగులు. తగ్గింది, నిజమే. కానీ ఉంది. ఇలాంటి బొంతను చేతిలో పెట్టి "తీసుకో అక్కా" అనడానికి నాకు మనసొప్పదు.

మధ్యాహ్నం వంట కూడా వాయిదా వేసి ఇంకో పరీక్ష చేశాను. ఒకే రకం అస్తరు మీద 30 సెంటీమీటర్ల చదరాలు, ఒకదాని పైన పాత నూలు, రెండోదాని పైన పాలియెస్టర్. సూదికి అయిదేసి కుట్లు ఎక్కించి ఒక్కసారి లాగే నా మామూలు పద్ధతిలో అర అంగుళం వరసలు. తడపలేదు. నూలు చదరం పైనా కిందా 29కి వచ్చింది. రెండోదాంట్లో కింది గుడ్డ 29, పై పాలియెస్టర్ మాత్రం 29.7. అంటే నీళ్ల ప్రమేయం లేకుండానే, కుట్టులోనే తేడా పుడుతోంది! మెత్తటి నూలు కుట్టు కింద నలిగి కూర్చుంటుంది, ఈ గుడ్డ నలగదు, జారి ముందుకు పోతుంది. తర్వాత ఇంకో పాలియెస్టర్ చదరం మీద ఒక్కొక్క కుట్టే, సూదిని నిలువుగా దింపి కింద నుంచి తీసి, మళ్లీ పైకి గుచ్చి కుట్టాను. కింది గుడ్డ 29.5 దగ్గర నిలిచింది, పైది 29.8. తేడా సగం కంటే తగ్గింది. చేయి లాగేస్తుంది, వరసకు మూడింతల సమయం పడుతుంది, కానీ దారి ఇదే అనిపిస్తోంది. పోనీ కంపెనీ సన్నటి సూది వల్ల కుట్టు నిలువుగా దిగుతోంది. బొంత సూది లావుకు ఈ గుడ్డ మీద రంధ్రాలు మిగులుతున్నాయి.

మిగతావన్నీ బాగున్నాయి. పట్టు కొంగు మల్లు గుడ్డ మీద పరచి కుట్టాను, చక్కగా కుదిరింది. పక్కింటి అమ్మాయి కాన్పు కోసం పాత పంచెలతో కుట్టిన చిన్న బొంత ఇచ్చేశాను.

సాయంత్రం అక్క వచ్చి చూసింది. ఉబ్బు మీద చెయ్యి వేసి నిమిరింది. "ఇది నాకేం తప్పుగా లేదు" అంది. నాకు ఉంది. నడిమి ముక్కను నిలువు పట్టీలుగా కోసి, నూలు పట్టీలతో కలిపి అతుకుతానని చెప్పాను. వెడల్పు తక్కువైతే ఒక్కో పట్టీలో మిగిలే వదులు దారం మందం కంటే పెద్దగా ఉండదు, కుట్లలోనే ఇమిడిపోతుంది. నేను మూడు అంగుళాలు అనుకున్నాను. ఆమె టేపు తీసుకుని ఒక పువ్వును కొలిచింది. అయిదు అంగుళాలు.

"పువ్వు తెగకుండా చూడు చెల్లీ. మిగతాది నీ ఇష్టం."

కాబట్టి అయిదున్నర. ఆ వెడల్పులో అడ్డంగా మిగిలేది అర సెంటీమీటరు లోపు ఉండాలి. నిలువున మాత్రం పట్టీ పొడవుగానే ఉంటుంది కనుక దాన్ని రెండు చోట్ల, పువ్వుకూ పువ్వుకూ మధ్య, నూలు ముక్కతో అతకాలి. మొదట రెండడుగుల చదరం మీద చేసి, ఉతికి, కొలిచి, అప్పుడే అసలు బొంత విప్పుతాను. అదీ కుదరకపోతే నీలం చీరను మూలల్లో పువ్వులుగా మడిచి పెడతాను, నడుమ నూలు చీర వస్తుంది. ఆ సంగతి కూడా అక్కకు ముందే చెప్పాను, ఒప్పుకుంది.

ఇక నుంచి ఎవరు చీరలు తెచ్చినా, ఒప్పుకునే ముందు ప్రతి చీర అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూస్తాను. నూలైతే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పట్టైతే వెంట్రుక కాలిన వాసన, వేళ్ల మధ్య నలిగే బొగ్గు. పాలియెస్టర్ అయితే కరిగి నల్లపూసలా గట్టిపడుతుంది. దుకాణంలో నూలు అని చెప్పి ఇచ్చిన చీరల్లో కూడా ఎంతో కలనేత ఉంటోంది. పోగు కాల్చడానికి ఇష్టపడని వాళ్లకు బొంత ఎలా ఉబ్బవచ్చో ఈ నడిమి ముక్కనే చూపిస్తాను. ఎక్కడ పరుస్తారు, యంత్రంలో ఉతుకుతారా అనేవి కూడా అడగాలి. ఈ బొంత ఆరినప్పుడు రెండు కిలోలకు కాస్త తక్కువే, తడిసినప్పుడు అయిదు కిలోలు దాటింది. చిన్న యంత్రాల్లో అది తిరగదు.

వరసలో ఇంకా రెండు ఉన్నాయి. తాడిపత్రి నుంచి ఒకాయన వాళ్ల నాన్న లుంగీలు పంపాడు. అన్నీ నూలే, కాల్చి చూశాను, గళ్లు కూడా కలుస్తున్నాయి. దాన్ని సిద్దీల పద్ధతిలో, ముక్క వెంట ముక్క చేరుస్తూ కుట్టాలని ఉంది. రెండోది రాయదుర్గం జీన్స్ కుట్టే చోట్ల మిగిలే ముక్కలతో పిల్లల బడికి చాప. డెనిమ్‌కు మధ్య పొర అక్కర్లేదు, చేతికుట్టూ నడవదు, ఊషా యంత్రం బయటికి తీయాలి. లుంగీల బొంతకు కోరా ఇవాళే రెండో తడుపులో వేశాను. ఈసారి ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన గుడ్డ దొరికింది, నేత ఒత్తుగా ఉంది. మూడోది రేపు, ఆ తర్వాతే కత్తెర.