వాగ్దానం తర్వాతే కన్నీళ్లు

యెరూషలేము నుంచి ఒలీవల కొండ మీదుగా నడిస్తే బేతనియ మూడు కిలోమీటర్ల దూరమే. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా ఎత్తైన కాంక్రీటు గోడ ఉంది. బస్సు ఎడారి వైపు దిగి, చాలా దూరం చుట్టు తిరిగి, మళ్లీ పైకెక్కితేనే ఆ ఊరు వస్తుంది. ఊరి నేటి పేరు అల్ ఐజరియా. ఆ పేరులో లాజరు ఇంకా ఉన్నాడు. చనిపోయి సమాధిలో ఉన్న అతన్ని యేసు బతికించి లేపింది ఈ ఊళ్లోనే. మా యాత్ర పట్టికలో మొదట ఈ ఊరు లేదు. పాస్టర్ గారిని నేనే పట్టుబట్టి అడిగాను. తమ్ముణ్ని పోగొట్టుకున్న అక్కకు యేసు పట్టుబడ్డ గెత్సెమనే కన్నా, ఆయన్ను సిలువ వేసిన గొల్గొతా కన్నా ముందు చూడవలసిన చోటు బేతనియే అనిపించింది.

నా తమ్ముడు మూత్రపిండాల జబ్బుతో పోయాడు. డయాలిసిస్ కోసం వాడి ఎడమ చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే చర్మం కింద రక్తం జుమ్మని పరుగెత్తడం తెలిసేది. రోజూ ఒకసారి తాకి చూడమని డాక్టర్లు చెప్పేవారు. ఆ పని నాది. వాడు పోయిన తెల్లవారుజామున కూడా అలవాటు కొద్దీ అక్కడే వేలు పెట్టాను. ఏమీ తెలియలేదు. మరణం అంటే ఏమిటో నాకు ఏ పుస్తకమూ అంత స్పష్టంగా చెప్పలేదు.

భూస్థాపన నాడు, ఆ తర్వాతా వచ్చినవాళ్లందరూ మంచివాళ్లే. 'మంచి చోటికి వెళ్లాడు', 'మనం విశ్వాసులం, ఏడవకూడదు' అన్నారు. ఆ రెండో మాట నన్ను బాధపెట్టింది. థెస్సలొనీకయులకు అపొస్తలుడైన పౌలు రాసింది దుఃఖపడవద్దని కాదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని. ఏడవడం నిరీక్షణ లేనితనమైతే బైబిల్లో సగం మంది భక్తులు అవిశ్వాసులే. ఈ వాదన చివరికి మా ఇంట్లోకీ వచ్చింది. సమాధి రాయి మీద 'పునరుత్థానమును జీవమును నేనే' అని చెక్కించాలని అమ్మ కోరింది. నేను 'యేసు కన్నీళ్లు విడిచెను' అన్న వచనం కావాలన్నాను. ఇద్దరం తగ్గలేదు. రాయి అలాగే ఖాళీగా ఉండిపోయింది.

బేతనియలో లాజరు సమాధి ద్వారం వీధి పక్కనే, చిన్న ఇంటి గుమ్మంలా ఉంటుంది. సమాధికి మొదట ద్వారం ఉన్న వైపు ఇప్పుడు మసీదు ఉంది. యాత్రికుల కోసం 16వ శతాబ్దంలో వీధి వైపు నుంచి వేరే దారి తొలిచారు. దగ్గర్లోనే ఫ్రాన్సిస్కన్ సన్యాసులు 1950లలో కట్టిన చర్చి ఉంది. సమాధిలోకి ఇరవైకి పైగా మెట్లు, అరిగి నున్నబడి, నిటారుగా దిగుతాయి. కింద చిన్న గది, దాని అడుగున ఇంకా చిన్న గది. వంగి దూరాలి. లోపల చూడటానికి ఏమీ లేదు. తడి రాతి వాసన, అంతే.

బయటికొచ్చాక నీడలో కూర్చుని యోహాను సువార్త పదకొండో అధ్యాయం మొత్తం బిగ్గరగా చదివాం. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు విన్న అధ్యాయమే. అయినా ఆ రోజు ఒక సంగతి నన్ను నిలబెట్టేసింది. లాజరు అక్కచెల్లెళ్లు మార్త, మరియ ఇద్దరూ యేసుతో అన్నది ఒకే మాట: 'ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును.' ఒకే ఫిర్యాదు. ఆయన మార్తకు ఇచ్చింది వాగ్దానం. మరియ దగ్గర ఇచ్చింది కన్నీళ్లు. అంతకన్నా ముఖ్యం, వాటి వరుస. 'పునరుత్థానమును జీవమును నేనే' అన్నది ఇరవై ఐదో వచనం. 'యేసు కన్నీళ్లు విడిచెను' అన్నది ముప్పై ఐదో వచనం. అంటే ఆ మాట చెప్పినవాడే ఆ తర్వాత ఏడ్చాడు. కొద్దిసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. అమ్మా నేనూ నెలల తరబడి ఒకదానికొకటి పోటీగా పెట్టిన రెండు వచనాలూ ఒకే నోటి నుంచి, ఒకే కళ్ల నుంచి వచ్చాయి.

మార్త మాట కూడా అక్కడే కొత్తగా వినిపించింది. అంత్యదినమున తన సహోదరుడు లేస్తాడని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు, సండే స్కూల్లో కంఠతా నేర్చుకున్నాను. కానీ ఆ దినం ఎంతో దూరంలో ఉంటుంది, ఖాళీ మంచం ఇక్కడే ఉంటుంది. యేసు ఆమెకు తేదీ చెప్పలేదు, వివరణ ఇవ్వలేదు. 'నేనే' అన్నాడు. దూరాన ఉన్న దినం ఆమె ఎదుట మనిషిగా నిలబడి ఉంది.

లాజరు మళ్లీ చనిపోయాడన్న సంగతి మనం మరిచిపోతుంటాం. సైప్రస్‌లోని లార్నకాలో అతని పేర చర్చి ఉంది. అతని రెండో సమాధి అక్కడే అని అక్కడివారి సంప్రదాయం. బేతనియలో అతను కాళ్లకూ చేతులకూ ప్రేతవస్త్రాలతోనే బయటికి వచ్చాడు. వాటి అవసరం అతనికి మళ్లీ పడింది. యేసు సమాధిలో మాత్రం నారబట్టలు అక్కడే మిగిలిపోయాయి. అందుకే బేతనియలో ఆగిపోతే సరిపోదు, యెరూషలేముకు వెళ్లాలి.

మర్నాడు యెరూషలేములో, యేసు సమాధి ఉన్న చోటని చెప్పే పరిశుద్ధ సమాధి ఆలయం. ఇక్కడ మొదటి ఆలయాన్ని కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో కట్టి 335లో ప్రతిష్ఠించారు. 1009లో ఖలీఫా అల్ హాకిమ్ కూల్పించాడు. 1808లో అగ్నిప్రమాదం జరిగింది. కూలినప్పుడల్లా మళ్లీ కట్టుకున్నారు. లోపల ఎటు చూసినా తోపులాట, ధూపం, రకరకాల భాషల్లో ప్రార్థనలు. సమాధి మీది చిన్న మందిరం చుట్టూ బారు తీరిన వరుసలో చాలాసేపు నిలబడ్డాం. మొదట దేవదూత గది, ఆ తర్వాత పొట్టి ద్వారం, లోపల కుడి పక్కన పాలరాతి పలక. దాని ముందు ముగ్గురు నలుగురికే చోటు. కొద్ది క్షణాలు మోకరించే సరికి బయట ఉన్న సన్యాసి రమ్మని పిలిచాడు. 2016 అక్టోబరులో మరమ్మతుల కోసం ఈ పలకను పక్కకు జరిపినప్పుడు కింద సిలువ గుర్తున్న పగిలిన మరో పలక, దాని కింద సున్నపురాయి పడక కనిపించాయి. అక్కడి సున్నం 4వ శతాబ్దం నాటిదని పరీక్షల్లో తేలింది.

నన్ను ఎక్కువసేపు నిలిపింది మాత్రం ఆ మందిరం వెనక, సిరియన్ సంఘం వారి మసిబారిన గదిలోంచి వెళ్లే చీకటి గుహ. అక్కడ జనం తక్కువ. ఒకటో శతాబ్దం నాటి సమాధులు, శరీరాన్ని లోపలికి జరపడానికి రాతిలో తొలిచిన పొడవాటి అరలు. ఆ కాలపు యూదులు శరీరాన్ని ఇలాంటి చోట ఉంచి, ఏడాదికి మళ్లీ వచ్చి, ఎముకలను ఏరి రాతి పెట్టెలో సర్దేవారు. అలాంటి పెట్టెలను ఒలీవల కొండ మీద దోమినుస్ ఫ్లేవిత్ చర్చి ఆవరణలో చూశాను. ఆ పని చేసింది కొడుకులూ అన్నదమ్ములూ. చావు అంటే ఏమిటో వాళ్ల చేతులకు తెలుసు. అలాంటి మనుషులు 'ఆయన లేచాడు' అన్నప్పుడు, ఆయన జ్ఞాపకాలు మనలో బతికే ఉన్నాయని చెప్పడం వాళ్ల ఉద్దేశం కాదు. ఏరడానికి ఎముకలు లేవని చెప్పారు. క్రీస్తు లేపబడకపోతే మన విశ్వాసం వ్యర్థమేనని పౌలు అంత తెగేసి రాసింది అందుకే. నాకు ఆ తెగింపు కావాలి. మెత్తటి ఓదార్పు నాకు అక్కరలేదు. కడపటి శత్రువు మరణమని దాన్ని పేరు పెట్టి పిలిచే నిరీక్షణ కావాలి.

యెరూషలేము పాత నగరం గోడల బయట, యేసు సమాధి ఇదేనని కొందరు నమ్మే 'తోట సమాధి' అనే మరో చోటు ఉంది. అది యేసు కాలానికి శతాబ్దాల ముందు తొలిచిన సమాధి అని పురావస్తు పరిశోధకుల మాట. దాని తలుపు మీద 'ఆయన ఇక్కడ లేడు, లేచియున్నాడు' అని రాసి ఉంది. ఆ మాట రెండు చోట్లా నిజమే. ఆ తోటలో కూర్చుని ప్రభువు బల్లలో పాలుపొందాం. పాస్టర్ గారు చదివింది, యేసు గాయాలను తాకితే తప్ప ఆయన లేచాడని నమ్మనన్న శిష్యుడు తోమా సంగతి: 'నీ వ్రేలు ఇటు చాచి నా చేతులు చూడుము.' లేచిన దేహంలో మేకుల గుర్తులు ఇంకా ఉన్నాయి. నాకు వెంటనే తమ్ముడి ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. సూదులు దిగీ దిగీ ఉబ్బిన ఆ చెయ్యిని, నేను రోజూ తాకిన ఆ చెయ్యిని, దేవుడు పారేయడు. వాడి ఆత్మ ఎక్కడో క్షేమంగా ఉందని ఊరుకోవడం నా విశ్వాసం కాదు. వాడు లేస్తాడు. రొట్టె చేతిలో పట్టుకుని బాగా ఏడ్చాను. పక్కనున్న పెద్దావిడ నన్ను ఊరుకోమనలేదు, ఆవిడా ఏడ్చింది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి బేతనియలో చదివిన వరుస చెప్పాను. ఇరవై ఐదు, ఆ తర్వాత ముప్పై ఐదు. అమ్మ బైబిలు తెచ్చుకుని చూసుకుంది. పేజీలు తిప్పడం వినిపించింది.

"అవును తల్లీ, అలాగే ఉంది. అయితే రెండూ చెక్కించు. ఇక్కడున్న వరుసలోనే" అంది.

"చోటు చాలదేమో అమ్మా."

"వచనాల అక్షరాలు చిన్నవైనా ఫరవాలేదు. వాడి పేరు మాత్రం పెద్దగా ఉండాలి. లాజరును పేరు పెట్టే కదా పిలిచాడు."

సరేనన్నాను. రాయి పొడవూ వెడల్పూ కొలిచి ఉంచమని చెప్పి, కింద మా ప్రార్థన మొదలవుతుంటే ఫోన్ పెట్టేశాను.